జ్ఞాపకాన్ని నమ్మాలా, మనసు మాట వినాలా: స్వభావాన్ని బట్టి, విషయాన్ని బట్టి ఎంచుకోవడం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. వాటిలో మా నాన్న వేసిన రెండెకరాల తోట కూడా ఉంది. నేను పెళ్ళయ్యాక విజయనగరంలో ఉంటున్నాను. రోడ్ల మీద పడ్డ చెట్లు తీశాక, మూడో రోజుకి గానీ మా ఊరు చేరలేకపోయాను. తోటలో చెట్లన్నీ ఒకే వైపుకి తలపెట్టి పడుకుని ఉన్నాయి. పైకి లేచిన వేళ్ళ నుంచి ఇసుకమట్టి ఇంకా రాలుతోంది. అమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా పడిన గెలల నుంచి కాయలు కోసి కుప్ప పోస్తోంది. అవన్నీ ముదరని కాయలు, ఎందుకూ పనికిరావు. అయినా సాయంత్రం దాకా కోస్తూనే ఉంది.

నాన్న అప్పటికే లేరు. మళ్ళీ కొబ్బరి వేద్దామా, జీడి వేద్దామా, అమ్మేద్దామా అన్నది మా మీద పడింది.

అన్న లెక్కలు చెప్పాడు. ఎకరానికి 60, 70 మొక్కలు పడతాయని, నాన్న వేసిన ఏడో ఏట కాపు మొదలైందని, ఏ ఏడు కాయ ఎంత పలికిందో కూడా చెప్పాడు. అప్ప, అంటే మా అక్క, మాత్రం "ఏటోనే, నాకు మనసొప్పట్నేదు, ఇక కొబ్బరొద్దు" అంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. అమ్మకి లెక్కలతో పనిలేదు. అది నాన్న తోట, అంతే. నేనేమో ఉద్యానశాఖ వాళ్ళని, జీడిపప్పు వ్యాపారుల్ని, మావయ్యల్ని, కనిపించిన వాళ్ళందర్నీ అడుగుతూ ఒక ఏడాది గడిపేశాను. ఆ ఏడాదంతా ఇంట్లో గొడవలే. పైకి కొబ్బరా జీడా అని దెబ్బలాడుకున్నాం గానీ, అసలు గొడవ ఎవరి పద్ధతి సరైనదని. అన్నకి అప్ప మాట గాలిమాటలా ఉండేది. అప్పకి అన్న లెక్కలు చచ్చిపోయిన లెక్కల్లా ఉండేవి.

అప్పట్నుంచి ఈ విషయం మీద దొరికినవన్నీ చదువుతున్నాను. భూమి, చదువు, పెళ్ళి, ఉద్యోగం, ఏదో ఒక నిర్ణయం ముందు నిలబడి ఇంట్లో ఇలాగే నలిగిపోతున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మనుషుల్లో రకాలు నిజంగా ఉన్నాయా?

స్విట్జర్లాండ్ వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో మనుషుల స్వభావాల మీద పెద్ద గ్రంథం వేశాడు. విషయాన్ని మనం రెండు దారుల్లో గ్రహిస్తామన్నాడు. ఒకటి కళ్ళతో చూసి, చేత్తో తాకి, ఉన్నదున్నట్టు తెలుసుకోవడం. రెండోది స్ఫురణ, అంటే కనపడని ముక్క చప్పున తట్టడం. గ్రహించాక తీర్పు చెప్పుకోవడానికి కూడా ఆయన లెక్కలో రెండు దారులున్నాయి, తర్కం ఒకటి, మనసుకి నచ్చడం నచ్చకపోవడం ఒకటి. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మయర్స్ దీన్ని పెంచి 16 రకాలు చేశారు. ఇప్పుడు ఫోన్లో పిల్లలు రాసుకునే నాలుగు అక్షరాల టెస్టుకి మూలం అదే.

ఆ లెక్కన మా అన్న మొదటి రకం, అప్ప రెండో రకం. అమ్మ నచ్చడాన్ని బట్టి తీర్పు చెప్పే మనిషి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ టెస్టుని జాతకంలా పట్టుకోవద్దని గట్టిగా చెప్తాను. కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి వేరే అక్షరాలొస్తాయి. ఈ రంగంలో పనిచేసే పరిశోధకులు ఎక్కువమంది మనుషుల్ని అరల్లో పెట్టరు. కొత్తదనం మీద ఇష్టం, పద్ధతిగా ఉండటం, నలుగురితో కలవడం, మెత్తదనం, ఆందోళన, ఈ ఐదూ ఒక్కొక్కరిలో ఎంతెంత పాళ్ళలో ఉన్నాయో చూస్తారు. కాబట్టి "నేను స్ఫురణ మనిషిని, నాకు లెక్కలక్కర్లేదు" అనడం తప్పు. నా మొగ్గు ఎటు, ఆ మొగ్గు నన్ను ఎక్కడ దెబ్బతీస్తుంది అని చూసుకోవడానికైతే ఈ రకాలు పనికొస్తాయి.

జ్ఞాపకం మీద నడిచేవాళ్ళు

మా అన్నలాంటివాళ్ళు ఇంటికి బలం. బోరు ఎన్నడుగుల్లో నీళ్ళు పడింది, ఏ ఏడు మంచు పట్టి జీడిపూత మాడింది, ఎవరికి ఎంత బదులిచ్చాం, వీళ్ళని అడిగితే చాలు. ఒకసారి జరిగిన తప్పు రెండోసారి జరగనివ్వరు.

వీళ్ళతో చిక్కు ఏమిటంటే, తమ జ్ఞాపకాన్ని ఫొటో అనుకుంటారు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మానసిక శాస్త్రవేత్త 1932లో ప్రచురించిన ప్రయోగాలు అది ఫొటో కాదని చూపించాయి. అమెరికా ఆదివాసుల కథ ఒకటి తన దేశంవాళ్ళ చేత చదివించి, కొన్నాళ్ళకి మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పిన ప్రతిసారీ కథ కుదించుకుపోయింది. వాళ్ళకి కొత్తగా, వింతగా ఉన్న ముక్కలు జారిపోయి, అలవాటైన ముక్కలు వచ్చి చేరాయి. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. గుర్తు తెచ్చుకోవడం అంటేనే మళ్ళీ అల్లుకోవడం.

మా ఇంట్లోనే ఇది రుజువైంది. నాన్న రేకు పెట్టెలో ఒక పాత లెక్కల పుస్తకం దొరికింది. హుద్‌హుద్ వచ్చిన 2014లో మాకు దాదాపు కాయ దిగలేదని అన్న ఒట్టేసి చెప్పేవాడు. పుస్తకంలో నాన్న చేతిరాతతో ఆ ఏటి దిగుబడి మామూలుగానే ఉంది. పడిపోయింది అంతకు ముందు ఏడు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి అదే తేదీన విశాఖ దగ్గర దాటింది. అన్న బుర్రలో రెండు తుఫాన్లు ఒకటైపోయాయి. హుద్‌హుద్ గురించి ఊరంతా ఎక్కువ మాట్లాడుకుంది కాబట్టి నష్టమంతా దాని ఖాతాలో పడింది. అన్న ఆ పేజీని చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు.

జ్ఞాపకానికి ఇంకో గుణం ఉంది. ఏది కొట్టొచ్చినట్టు గుర్తొస్తే అదే తరచుగా జరుగుతుందనిపిస్తుంది. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మానసిక శాస్త్రవేత్తలు 1973లో దీన్ని ప్రయోగాలతో చూపించారు. పడిపోయిన తోట కళ్ళ ముందు ఉన్నప్పుడు, నిలబడి కాసిన ఏళ్ళు ఎవరికీ గుర్తు రావు. అందుకే పెద్ద నష్టం జరిగిన నెలలోపు భూమి అమ్మకం మాట ఎత్తొద్దని నా సలహా.

మనసు మాట వినేవాళ్ళు

పొందూరులో సన్ననూలు వడికే ఒక పెద్దావిడ పక్కన ఒక పూటంతా కూర్చున్నాను. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్ళు దువ్వెనలా పనిచేస్తాయి. రాట్నం తిరుగుతుంటే ఆవిడ కళ్ళు నా మీదే ఉన్నాయి, కబుర్లు చెప్తూనే ఉంది. ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. దారం తెగలేదు, నాకేమీ తేడా కనబడలేదు. ఆవిడ చివరి జానెడు వెనక్కి తీసి చూపిస్తే, అందులో ఒకచోట వెంట్రుకంత మేర పల్చబడి ఉంది. ఎలా తెలిసిందంటే "సేతికి తెలిసిపోద్ది తల్లీ" అంది.

ఆర్థికశాస్త్రంలో 1978లో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ ఏమంటాడంటే, మనసుకి చప్పున తట్టడంలో మాయ లేదు, అది గుర్తుపట్టడమే. ఆయనా విలియం ఛేజ్ కలిసి 1973లో చదరంగం ఆటగాళ్ళ మీద చేసిన ప్రయోగం ఇందుకు ఆధారం. నిజం ఆటలోంచి తీసిన బల్లని ఐదు సెకన్లు చూపిస్తే ఆరితేరినవాడు పావుల్లో ఎక్కువ భాగం ఎక్కడివక్కడ పెట్టేశాడు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురు చేసి చూపిస్తే, అతనూ కొత్తవాళ్ళ స్థాయికే వచ్చేశాడు. అంటే అతనిది మామూలు జ్ఞాపకశక్తే. ఏళ్ళ తరబడి చూసిన ఆటలు లోపల పేరుకుని ఉన్నాయి. అన్నకి జ్ఞాపకం మాటల్లో వస్తుంది, పొందూరు ఆవిడకి వేళ్ళలో వస్తుంది. ఊట ఒకటే.

ఇది అర్థమయ్యాక నాకు చాలా బరువు దిగింది. జ్ఞాపకమా స్ఫురణా అని రెండు కక్షలుగా చీలి కొట్టుకోనక్కర్లేదు. అడగాల్సిందల్లా ఇదే: ఈ విషయంలో ఈ మనిషి లోపల పేరుకున్న సరుకు ఉందా, లేదా?

ఉందో లేదో తేల్చుకోవడానికి దారి కూడా ఉంది. స్ఫురణని అనుమానించే కానెమన్, దాన్ని నమ్మే గ్యారీ క్లైన్ ఏళ్ళ తరబడి చర్చించుకుని 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. క్లైన్ అగ్నిమాపక దళాల కమాండర్లు మంటల మధ్య ఎలా నిర్ణయిస్తారో అధ్యయనం చేసిన మనిషి. ఇద్దరూ ఒప్పుకున్నవి రెండు. ఆ పనిలో ఒక క్రమం ఉండాలి, ఈ గుర్తు కనిపిస్తే ఇది జరుగుతుందనేలా. ఆ క్రమాన్ని నేర్చుకునేంత కాలం మనిషి ఆ పనిలో ఉండాలి, చేసిన ప్రతిసారీ తప్పో ఒప్పో తెలిసిపోతూ ఉండాలి. ఇవి లేనిచోట ధీమా ఎంత ఉన్నా దానికి విలువ లేదన్నారు. దారం తప్పైతే క్షణంలో తెగుతుంది. ఆవిడ వేళ్ళకి రోజుకి ఎన్నిసార్లు పాఠం పడిందో లెక్కేసుకోండి.

ఏ విషయానికి ఏది?

కళింగపట్నం తీరంలో చూడండి. ఏ పూట, ఎటువైపు వల వేయాలో పెద్ద మత్స్యకారుడి మనసుకి తట్టిందంటే నమ్మొచ్చు. నీటి రంగు, పక్షుల గుంపు, గాలి వాటం ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు, ఆ సాయంత్రమే ఫలితం వల్లో కనిపిస్తుంది. అదే మనిషి "ఈ వాయుగుండం మనవైపు రాదులే" అంటే మాత్రం నమ్మొద్దు. పెద్ద తుఫాను మన తీరానికి కొన్నేళ్ళకోసారి వస్తుంది, ఒక్కోటీ ఒక్కోలా ముదురుతుంది. దాని మీద ఏ చెయ్యీ తిరిగి ఉండదు. అక్కడ ఓడరేవులో ఎగరేసిన ప్రమాద హెచ్చరిక నెంబరు చూసుకోవాల్సిందే. మనిషీ అదే, సముద్రమూ అదే. విషయం మారింది కాబట్టి నమ్మకం మారాలి.

ఇళ్ళస్థలం కొనడంలో మనసు మాట దాదాపు పనికిరాదు. జీవితంలో ఒకసారో రెండుసార్లో కొంటాం, మంచీచెడూ పదేళ్ళకి తేలుతుంది. ఇది దెబ్బతిని చెప్తున్న మాట. విజయనగరం పక్కన ఒక స్థలానికి మేం అడ్వాన్సు ఇచ్చాం. అమ్మే ఆయన మర్యాదగా మాట్లాడాడు, మామిడిచెట్టు నీడ ఉంది, మనసుకి హాయిగా అనిపించింది. లేఅవుట్‌కి అనుమతి లేదని తర్వాత తెలిసింది, డబ్బులో కొంత ఇప్పటికీ తిరిగి రాలేదు. మనసు చదివింది ఆయన మర్యాదని, కాగితాల్ని కాదు. స్థలం విషయంలో ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) తీయించడం, అడంగల్ (రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డు) చూడటం, అనుమతి పత్రం చేత్తో పట్టుకుని చదవడం, వీటి తర్వాతే మనసు సంగతి.

పశువుల సంతలో ఎద్దును ఎంచుకోవడం దీనికి పూర్తిగా ఎదురు. చెయ్యి తిరిగిన రైతు చూపు చాలు.

ఇంటర్‌లో ఏ గ్రూపు, తర్వాత ఏ కాలేజీ అన్నప్పుడు తల్లిదండ్రుల జ్ఞాపకం బాగా పాతబడిన సరుకు. మన కాలంలో ఏ కోర్సుకి ఉద్యోగం వచ్చిందో అది ఇవాళ్టి మాట కాదు. ఇక్కడ పోయిన రెండేళ్ళలో చదివి బయటికొచ్చిన పిల్లల్ని నలుగురిని అడగడం మేలు. పిల్ల "నాకు అనిపిస్తోంది" అంటే ఆ పనిని కొంచెమైనా చేసి చూసిందా అని అడగండి. చేసి చూసి అన్నమాటైతే బరువుంటుంది.

పెళ్ళి సంబంధంలో మొదటి చూపులో కలిగే మంచి అభిప్రాయాన్ని నేను తక్కువ నమ్ముతాను, కలిగే భయాన్ని ఎక్కువ లెక్కలోకి తీసుకుంటాను. మనిషి ముఖంలో, గొంతులో తేడా పట్టుకోవడం మనం చిన్నప్పట్నుంచి చేస్తున్న పని. అమ్మాయి "ఎందుకో భయంగా ఉంది" అంటే కారణం చెప్పమని నిలదీయొద్దు. ఆగి మళ్ళీ కలవండి, వాళ్ళ ఊరివాళ్ళని వాకబు చేయండి.

పని చేసిన ఊరికి తిరిగి వెళ్ళాలా, పాత ఉద్యోగంలో మళ్ళీ చేరాలా అన్నప్పుడు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1993లో కానెమన్, ఆయన తోటివాళ్ళు కొందరి చేత చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టించారు. ఒకసారి 60 సెకన్లు. ఇంకోసారి అదే 60 సెకన్లు, పైన ఇంకో 30 సెకన్లు, ఆ చివర్లో నీటి చలి కాస్త తగ్గించారు. మళ్ళీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. బాధ పడిన సమయం ఎక్కువైనా ముగింపు మెత్తగా ఉంది కాబట్టి. హైదరాబాద్‌లో మూడేళ్ళు కష్టపడి, చివరి నెలలో స్నేహితులు చేసిన వీడ్కోలు మాత్రం తలుచుకుని మళ్ళీ బస్సెక్కినవాళ్ళని మా ఊళ్ళో చూశాను. అలాంటప్పుడు మధ్యలో ఇంటికి చేసిన ఫోన్లలో ఏం చెప్పుకున్నారో ఇంట్లోవాళ్ళని అడగండి.

అమ్మలాంటివాళ్ళు, నాలాంటివాళ్ళు

అమ్మ మాటని మేం మొదట్లో నిర్ణయం కిందే లెక్కపెట్టలేదు. అది మా తప్పు. నాన్న తోట అని అమ్మ అన్నప్పుడు దిగుబడి గురించి మాట్లాడటం లేదు. దేనికోసం ఈ భూమి ఉంచుకోవాలో చెప్తోంది. ఏం కావాలో తేల్చే పని అలాంటివాళ్ళకివ్వండి, ఎలా చెయ్యాలో మిగతావాళ్ళు చూసుకుంటారు. అమ్మేయడం అనే మాట మా ఇంట్లో అలాగే పక్కకి వెళ్ళింది.

నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు, అన్నీ తెలుసుకున్నాకే అనుకునేవాళ్ళు. మానసిక శాస్త్రవేత్త బారీ ష్వార్ట్జ్, ఆయన తోటివాళ్ళు 2002లో చూపించింది నాకు బాగా తగిలింది. అన్నిటికంటే మేలైనదే కావాలని వెతికేవాళ్ళు, ఇది చాలు అనుకునేవాళ్ళకంటే తాము తెచ్చుకున్నదానితో తక్కువ తృప్తి పడతారు, ఎక్కువ నొచ్చుకుంటారు. నేను అడిగిన ప్రతి మనిషీ నాకు ఒక కొత్త టెన్షన్ ఇచ్చాడు. మీరూ ఇలాంటివాళ్ళైతే వెతకడానికి ముందే రెండు రాసుకోండి: ఏ మూడు షరతులు కుదిరితే చాలు, ఏ తేదీకి ఆపేస్తాను. నేను 2020 సంక్రాంతి అని రాసుకున్నాను. ఆ రోజు ముగ్గులు పెట్టాక అందరం అరుగు మీద కూర్చున్నాం. ఎకరంలో జీడి అంట్లు, ఎకరంలో కొబ్బరి. జీడి అంటు మూడో ఏట కాపు పడుతుంది, కొబ్బరి వచ్చేదాకా ఇల్లు నడుస్తుంది.

మా ఇంటి నోటుబుక్కు

తిత్లీ తర్వాత ఊళ్ళో ప్రతి ఒక్కరూ "నాకు ముందే అనిపించింది" అన్నారు. అప్ప కూడా అంది. నిజంగానే అనుకుంది, అందులో అబద్ధం లేదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ దేశాలకి వెళ్ళబోతున్నప్పుడు బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బైత్ అనే పరిశోధకులు ఇజ్రాయెల్‌లో విద్యార్థుల్ని ఏమేం జరగొచ్చో అంచనా వేయమన్నారు. పర్యటన అయ్యాక, అప్పుడు మీరేం చెప్పారో గుర్తు తెచ్చుకోమన్నారు. జరిగిపోయినవాటిని తాము ముందే గట్టిగా ఊహించినట్టు చాలామంది గుర్తుచేసుకున్నారు. అంటే మన స్ఫురణ ఎన్నిసార్లు నిజమైందో చెప్పమంటే మన జ్ఞాపకం సరైన సాక్షి కాదు.

అందుకని మొక్కలు నాటిన తొలకరిలోనే ఒక నోటుబుక్కు పెట్టాం. ఎవరికి ఏమనిపించినా తేదీ వేసి ఒక్క లైను రాయాలి, ఎంత గట్టిగా అనిపిస్తోందో పక్కన రాయాలి. జరిగాక వేరే రంగు పెన్నుతో ఏం జరిగిందో రాయాలి. అప్ప మొదట ఒప్పుకోలేదు. మనసుకి అనిపించినదాన్ని పరీక్ష పెడతారా అని అలిగింది. తర్వాత అందరికంటే ఎక్కువ లైన్లు తనవే.

మూడేళ్ళు తిరిగాక పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. జీడిపిక్కల ధర పెరుగుతుందో తగ్గుతుందో అప్ప రాసినవి సగానికి పైగా తప్పు. మనుషుల గురించి రాసినవి మాత్రం దాదాపు అన్నీ నిజమయ్యాయి. ఏ కూలీ మేస్త్రి పని మధ్యలో వదిలేస్తాడో, ఏ వ్యాపారి తూకం సరిగ్గా వేస్తాడో. అప్పకి పెళ్ళయిన దగ్గర్నుంచి దుకాణం ఉంది, ఇరవై ఏళ్ళుగా అరువులిచ్చి వసూలు చేస్తోంది. ఆ సరుకు అక్కడ పేరుకుంది. అన్న గుర్తుపెట్టుకున్నవాటిలో నీళ్ళు, ఎరువు, మొక్కల లెక్క చెక్కుచెదరలేదు. ధరలు, ఏళ్ళు మాత్రం తారుమారు.

ఇప్పుడు పిక్కలు ఎవరికి అమ్మాలో అప్ప చెప్తుంది. ఎంతకి అమ్మాలో పలాస బజారులో ఆ రోజు ముగ్గురి దగ్గర అడిగిన ధర చెప్తుంది. నీళ్ళు ఎప్పుడు పెట్టాలో అన్న చూసుకుంటాడు, ఏ ఏడు ఏం జరిగిందన్న మాటొస్తే తనే లేచి పుస్తకం తెస్తాడు. అమ్మకి రాయడం రాదు, నాతో ఒకే ఒక్క లైను రాయించింది: గట్టు మీది మూడో కొబ్బరిమొక్క ముందు కాస్తుంది. దాని పక్కన వేరే రంగు పెన్నుతో రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.